అలల అంచున నిలిచిన శిల్పాలకు పెట్టెలేని అన్వేషణ కావాలి

సియాటిల్ నగరంలోని జియోక్యాషింగ్ ప్రధాన కార్యాలయ నిర్వాహకులకు, ఆ కార్యాలయం పక్షాన ప్రపంచమంతటా కొత్త తావులను పరిశీలించి ఆమోదించే స్వచ్ఛంద సమీక్షకులకు బహిరంగ లేఖ



మీ ఆటలో ఒకరు దాచిన పెట్టెను, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల సాయంతో మరొకరు వెతికి పట్టుకొంటారు; అలా అన్వేషించే ప్రతి చోటూ ఒక తావు. ఏ పెట్టెనూ దాచకుండా, ఒక స్థలానికి స్వయంగా వెళ్ళి అక్కడ ఉన్నదాన్ని శ్రద్ధగా చూసి, దాని గురించి అడిగిన ప్రశ్నలకు సమాధానం పంపితే చాలుననే పద్ధతిలో నడిచే తావులను మీరు వర్చువల్ జియోక్యాష్‌లు అంటారు. అటువంటి తావులను ఇకపై ఎవరూ కొత్తగా నెలకొల్పరాదని 2005లో మీ కార్యాలయం నిర్ణయించింది. అప్పటికే ఉన్నవాటిని ఉండనిచ్చి, పన్నెండేళ్ళ తర్వాత, 2017 ఆగస్టులో, ఎంపిక చేసిన సుమారు 4,000 మందికి తలా ఒకటి నెలకొల్పుకొనే అవకాశం ఇచ్చింది. 2019లోనూ 2022లోనూ మరి కొందరికి అదే విధంగా పంచింది. ఈ పంపకాల వల్ల నిషేధం కొంత సడలిన మాట నిజమే అయినా, పెట్టెలేని తావు నేటికీ కొద్దిమందికి దక్కే బహుమతిగానే ఉంది తప్ప, తగిన స్థలాన్ని చూపి తగిన అనుమతి తెచ్చిన ఎవరైనా కోరగలిగే మామూలు మార్గం కాలేదు. పెట్టె దాచడానికి ఏ విధంగానూ తగనివి, నిలబడి చూడటానికి అన్ని విధాలా తగినవి అయిన స్థలాలు లోకంలో అనేకం ఉన్నాయి. సముద్రాన్ని ఇతివృత్తంగా చేసుకొని తీరాన నిలిపిన బహిరంగ శిల్పాలు వాటిలో ముందు చెప్పుకోవలసినవి. మీ విధానం వల్ల ఆ శిల్పాలకూ వాటిని చూడవచ్చే ప్రజలకూ జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తెచ్చి, దాన్ని సరిదిద్దే బాధ్యత మీదేనని గుర్తుచేయడం ఈ లేఖ ఉద్దేశం.

ఆ బాధ్యత ఎంత పెద్దదో మీకు తెలియనిది కాదు. ఉపగ్రహాల సాయంతో భూమి మీద ఒక బిందువును గుర్తించే జీపీఎస్ వ్యవస్థలో, పౌరుల కోసం విడుదలయ్యే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన లోపాన్ని 2000 మే 2న తొలగించగానే, అంతవరకు వంద మీటర్ల దాకా తప్పు చూపగలిగిన చేతి పరికరాలు కొద్ది మీటర్ల తేడాతో చోటును చూపసాగాయి. ఆ మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను లోకానికి తెలియజేయడంతో ఈ ఆట మొదలైంది. నేడు ప్రపంచవ్యాప్తంగా 30 లక్షలకు పైగా తావులు మీ జాబితాలో ఉన్నాయి. ఏది తావుగా చెల్లుతుంది, ఏది చెల్లదు, రెండు పెట్టెల మధ్య ఎంత దూరం ఉండాలి, స్థలం యజమాని అనుమతి ఎప్పుడు చూపాలి అనే నియమాలన్నీ మీ కార్యాలయం రాసినవే. ఇంతటి ఆటకు ధర్మశాస్త్రం రాసే అధికారం ఒకే కార్యాలయం చేతిలో ఉన్నప్పుడు, ఆ నియమాల ఫలితం ఆటగాళ్ళతో ఆగిపోతుందని ఎలా అనుకోగలరు? ఆటతో సంబంధం లేకుండా అదే తీరాన నడిచేవారికీ, ఆ శిల్పాన్ని కాపాడవలసిన పురపాలక సంస్థకూ, అది ఎవరి స్మృతికి నిలిచిందో వారి కుటుంబాలకూ ఆ నియమాల్లో వాటా లేదా?

ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఉత్తరాన ఉన్న క్రాస్బీ తీరాన్ని పరిశీలిస్తే మీ విధానంలోని లోటు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ తన దేహం నుంచే తీసిన 17 అచ్చుల ఆధారంగా పోతపోసిన 100 ఇనుప మానవాకృతులు, దాదాపు మూడు కిలోమీటర్ల పొడవునా, తీరం నుంచి సముద్రం లోపలికి సుమారు ఒక కిలోమీటరు దాకా, అన్నీ పడమటి దిక్కుకే ముఖం పెట్టి నిలిచి ఉన్నాయి. ఒక్కొక్కటి 189 సెంటీమీటర్ల ఎత్తు, 650 కిలోల బరువు. 1997లో జర్మనీలోని కుక్స్‌హాఫెన్‌లో, 1998లో నార్వేలోని స్టావాంగర్‌లో, 2003లో బెల్జియంలోని డె పానాలో నిలిచిన ఈ ఆకృతులు 2005లో క్రాస్బీకి చేరాయి. 'అనదర్ ప్లేస్' అనే ఈ రచనకు శిల్పి చెప్పుకొన్న ఇతివృత్తం వలస: పుట్టిన చోటును విడిచిపోయే దుఃఖమూ, చేరబోయే చోటు మీది ఆశా ఒకే దేహంలో ఉండటం. 1830 నుంచి 1930 వరకు నూరేళ్ళలో సుమారు 90 లక్షల మంది లివర్‌పూల్ రేవు నుంచే ఓడలెక్కి కొత్త దేశాలకు తరలిపోయారు కాబట్టి, ఆ రేవుకు వచ్చిపోయే ఓడల దారిని చూస్తూ నిలిచిన ఈ ఆకృతులకు అక్కడ దొరికిన అర్థం మరో తీరంలో ఇంత నిండుగా దొరకదు.

ఇటువంటి రచనను చూడటమంటే దాని ముందు నిలబడి చిత్రం తీసుకొని వెళ్ళిపోవడం కాదు. లివర్‌పూల్ అఖాతంలో పెద్ద ఆటుపోట్ల రోజుల్లో నీటిమట్టం పది మీటర్ల వరకు ఎక్కి దిగుతుంది. పోటు వచ్చినప్పుడు దూరాన ఉన్న ఆకృతులు తలలతో సహా మునిగిపోయి, ఆటు తీసినప్పుడు మళ్ళీ బయటపడతాయి. రాళ్ళకూ ఓడల అడుగులకూ అంటుకొని పెరిగే గుల్లజీవులు ఆ ఇనుప దేహాలను పట్టుకొని ఉంటాయి. అవి ఎంత ఎత్తు వరకు ఉన్నాయో గమనిస్తే, ఆ దేహం రోజులో ఎంతసేపు నీటిలో ఉంటుందో కొలత లేకుండానే తెలుస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న కొన్ని ఆకృతులు ఇసుక కదలికల వల్ల మోకాళ్ళ వరకు, ఒక్కొక్కప్పుడు నడుము వరకు పూడుకుపోతాయి. ఉప్పునీరు ఇనుమును తినే తీరు, ఇసుక జరిగే తీరు, ఓడల రాకపోకలు, వలసల చరిత్ర అన్నీ ఒకే చోట చదువుకోదగిన ఈ తీరానికి, ప్రశ్నలు అడిగి సమాధానం వెతికించే అన్వేషణ కంటే మంచి మార్గదర్శి ఉంటుందా? గుల్లజీవుల ఎత్తును చూసి పోటు మట్టాన్ని అంచనా వేయమని, పూడుకుపోయిన ఆకృతికీ నిటారుగా బయటపడి ఉన్న ఆకృతికీ నడుమ ఇసుక ఎటు జరిగిందో గుర్తించమని, కనుచూపు మేరలో వెళ్ళే ఓడ రేవులోకి వస్తున్నదో బయటికి పోతున్నదో చెప్పమని అడిగితే, వచ్చినవారు అయిదు నిమిషాల్లో వెనుదిరిగే బదులు గంటసేపు నిలబడి చూస్తారు.

అయితే అదే తీరంలో ఒక పెట్టె దాచడమంటే ఏమిటో మీరు ఆలోచించారా? దూరపు ఆకృతుల చుట్టూ మెత్తటి బురద, వేగంగా వచ్చే పోటు ఉన్నందువల్ల, నడకదారి నుంచి 50 మీటర్లకు మించి పోవద్దనీ, దూరపు ఆకృతుల దాకా నడవడానికి ప్రయత్నించవద్దనీ అక్కడ సందర్శకులను హెచ్చరిస్తారు. పోటులో చిక్కుకొనే ప్రమాదం, చిన్న పడవలవారి అభ్యంతరాలు, బురదనేలల్లో మేత వెతుక్కొనే పక్షుల రక్షణ వంటి కారణాల మీద 2006 అక్టోబరులో సెఫ్టన్ పురపాలక మండలి ఈ శిల్పాలను అక్కడ కొనసాగించడానికి అనుమతి నిరాకరించింది. ప్రజలు పట్టుబట్టి అడిగిన తర్వాత, కొన్ని ఆకృతుల స్థానాలు మార్చే ఏర్పాటుతో 2007 మార్చిలో శాశ్వతంగా ఉంచడానికి అంగీకరించింది. భద్రతకూ కళకూ పక్షులకూ మధ్య ఇంత కష్టపడి సాధించిన సమతూకం ఉన్న చోట, అలలకు అందేలా పెట్టె దాచడం అసాధ్యం, అలలకు అందకుండా దాచితే అది శిల్పానికి సంబంధం లేని ఏ కంచె స్తంభానికో బల్ల అడుగుకో చేరుతుంది. అప్పుడు వచ్చినవాడు సముద్రానికి వీపు పెట్టి, ఆకృతులను చూడకుండా, బల్ల అడుగున వేళ్ళతో తడుముతాడు. చూడవలసినదాని నుంచి చూపు తిప్పించే ఆటను, అక్కడికి చూడటానికే రప్పించిన ఆటగా ఎలా చెప్పుకోగలం?

శిల్పం మీదనే పెట్టె దాచితే నష్టం మరింత పెద్దది. చేతి పరికరమో ఫోనో చూపే బిందువుకు అయిదు నుంచి పది మీటర్ల తేడా ఉండటం మామూలే కాబట్టి, వెతికేవారు ఒక బిందువును కాక ఒక వృత్తాన్నే గాలిస్తారు. నగరాల్లో తరచుగా వాడే పెట్టెలు వేలి కొన అంత మాత్రమే ఉండి, అయస్కాంతంతో లోహానికి అంటుకొనేవి. అవి ఉన్నాయని విన్నవారు పీఠం పగుళ్ళలోకి, శిలాఫలకం వెనుకకు, మరల సందుల్లోకి వేళ్ళు పోనిస్తారు. పూడ్చిపెట్టకూడదనీ, ఆస్తికి హాని చేయకూడదనీ, యజమాని అనుమతి ఉండాలనీ మీ నియమాలు స్పష్టంగానే చెబుతాయి, అందుకు మిమ్మల్ని మెచ్చుకోవలసిందే. కానీ ఆ నియమాలు దాచేవాడి చేతిని అదుపు చేస్తాయే గాని, అతని తర్వాత వచ్చే వందలాది మంది చేతులను అదుపు చేయలేవు. కోపెన్‌హాగెన్ రేవు ఒడ్డున 1913లో ఎడ్వర్డ్ ఎరిక్సెన్ నిలిపిన జలకన్య శిల్పానికి 1964లోనూ 1998లోనూ తల నరికివేశారు, 1984లో చేయి కోసివేశారు. ఆ దుండగాలకూ ఈ ఆటకూ ఏ సంబంధమూ లేదు. కాకపోతే మనిషి చేతికి అందేంత దగ్గరగా, కాపలా లేకుండా నిలిచే తీరశిల్పం ఎంత నిస్సహాయమైనదో ఆ చరిత్ర చెబుతుంది. అటువంటి శిల్పాన్ని తడిమి చూడమని ప్రోత్సహించే మార్గాన్ని తెరిచి ఉంచి, కంటితో చూడమని చెప్పే మార్గాన్ని కొద్దిమందికే పరిమితం చేయడం న్యాయమేనా?

ప్రజల భద్రత కోణం కూడా దీనిలోనే ఉంది. 2011 జులైలో ఇంగ్లండులోని వెదర్బీ పట్టణంలో ఒక వ్యక్తి పూలతొట్టి దగ్గర చిన్న ప్లాస్టిక్ పెట్టెను ఉంచడం చూసినవారు అనుమానపడటంతో, వీధిని ఖాళీ చేయించి, సైన్యపు బాంబు నిర్వీర్య దళం చేత దాన్ని పేల్చివేయించవలసి వచ్చింది. తీరా అది ఆటలోని పెట్టె. రద్దీగా ఉండే తీరపు నడకదారి మీద, ఓడరేవు పక్కన, యుద్ధ స్మారకం చెంత అటువంటి పెట్టె కనిపిస్తే పరిణామం ఇంకెంత తీవ్రంగా ఉంటుందో చెప్పనవసరం లేదు. దాచేది ఏమీ లేనప్పుడు అనుమానించేదీ ఏమీ ఉండదు. ఇంత సులువైన పరిష్కారం మీ జాబితాలోనే ఒక రకంగా నమోదై ఉండగా, దాన్ని బహుమతుల అలమారలో పెట్టి తాళం వేయడానికి మీరు చూపే కారణం ఏమిటి?

వర్చువల్ తావులను నిలిపివేయడానికి చెప్పిన కారణాలను ఈ లేఖ తేలికగా కొట్టిపారేయడం లేదు. పెట్టె లేకపోతే దేన్నైనా తావుగా ప్రతిపాదించవచ్చు కాబట్టి, సాధారణమైన చెట్టునూ రోడ్డుపక్క ఫలకాన్నీ కూడా పంపించసాగారని, వాటిలో ఏది నిజంగా విశేషమైనదో తేల్చే భారం సమీక్షకుల వ్యక్తిగత అభిరుచి మీద పడిందని, ఆ తీర్పుల మీద తగాదాలు పెరిగాయని ఆట చరిత్ర తెలిసినవారందరూ ఒప్పుకొంటారు. స్థలాల యజమానులు పెట్టెలేని తావులకు అలవాటుపడితే, పెట్టెలను పూర్తిగా నిషేధిస్తారేమోనన్న భయమూ ఉండేది. అమెరికా జాతీయ ఉద్యానాల్లో పెట్టెలకు అనుమతి దొరకడం కష్టం కావడం ఆ భయానికి బలమిచ్చింది. ఇంట్లో కూర్చొనే సమాధానాలు వెతికి, వెళ్ళకుండానే వెళ్ళినట్టు నమోదు చేసుకొనేవారి బెడద కూడా నిజమైనదే. ఈ మూడూ నిజమైన ఇబ్బందులే గాని, వాటిలో ఏ ఒక్కటీ పూర్తిగా నిలిపివేయడానికి సరిపోయే కారణం కాదు. విశేషత్వాన్ని నిర్ణయించడం కష్టమైతే, ఆ నిర్ణయానికి కొలమానాలు రాయాలి. యజమాని పెట్టెను వద్దంటే, ఆ స్థలానికి పెట్టె తగదని ఒప్పుకోవడమే మర్యాద. సమాధానం ఇంట్లో దొరికితే, అక్కడికి వెళ్ళి కళ్ళతో చూస్తే తప్ప తెలియని ప్రశ్న అడగాలి.

కొలమానాలు రాయడం సాధ్యమేనని మీ సంస్థే నిరూపించింది. 2004లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా సహకారంతో మొదలైన ఎర్త్‌క్యాష్‌లు, అంటే భూమి పుట్టుపూర్వోత్తరాలను చెప్పే స్థలాల్లో పెట్టె లేకుండా ఏర్పాటయ్యే తావులు, ఈనాటికీ కొత్తగా వస్తూనే ఉన్నాయి. వాటికి మీరు పెట్టిన షరతులు సూటిగా ఉంటాయి: ఆ స్థలం భూవిజ్ఞాన పాఠం ఒకటి తప్పనిసరిగా నేర్పాలి, ఆ పాఠం అక్కడ కళ్ళతో చూడగలిగిన లక్షణానికి ముడిపడి ఉండాలి, వెళ్ళినవారు ఆ చోట పరిశీలించి చేసే పని ఒకటి ఉండాలి, స్థలం చూసే అధికారుల అంగీకారం కావాలి. బండల పొరలకూ జలపాతాలకూ ఈ విధంగా కొలమానం రాయగలిగినవారికి, మనిషి చేతితో సముద్రాన్ని గురించి రచించిన శిల్పానికి రాయడం ఎందుకు సాధ్యం కాదు? క్రాస్బీ ఇసుక గురించి అడిగే ప్రశ్నకు మీ నియమాల్లో చోటు ఉండి, ఆ ఇసుకలో పూడిన ఇనుప మనిషి గురించి అడిగే ప్రశ్నకు చోటు లేకపోవడంలో ఏ తర్కం ఉంది? ప్రకృతి చేసినదాన్ని చదవడం విద్య అయినప్పుడు, మనిషి ప్రకృతి ముందు నిలబడి చేసినదాన్ని చదవడం విద్య కాకుండా ఎలా పోతుంది?

దీనికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయని మీరు అనవచ్చు. 2005లో వర్చువల్ తావులకు బదులుగా వేమార్కింగ్ అనే వేరొక జాబితాను తెరిచారు. కానీ ఆటలో లెక్కకు రాని జాబితా కావడంతో ఆటగాళ్ళలో చాలామంది దాని జోలికి పోలేదు. తర్వాత అడ్వెంచర్ ల్యాబ్ పేరిట ఫోన్‌లోని ఒక యాప్ ద్వారా వరుసగా కొన్ని చోట్లకు వెళ్ళి ప్రశ్నలకు జవాబు చెప్పే పద్ధతిని తెచ్చారు. అది మేలైన ప్రయత్నమే, తీరశిల్పాల చుట్టూ అటువంటి వరుసలు అల్లడానికి చక్కగా పనికివస్తుంది. కానీ అందులోనూ నెలకొల్పే అవకాశం మీరు పంచే పరిమిత సంఖ్యకే కట్టుబడి ఉంది. పైగా మామూలు తావులకు ఉన్నట్టుగా స్థలాన్నీ అనుమతినీ ముందుగా పరిశీలించే స్వచ్ఛంద సమీక్ష దానికి లేదు. శిల్పాలకూ స్మారకాలకూ కావలసినది సరిగ్గా దీనికి విరుద్ధం: ఎవరైనా కోరగలిగే దారి, కానీ ఆ దారి మొదట్లోనే జాగ్రత్తగా చూసే కళ్ళు. సమీక్ష అవసరం లేని చోట సమీక్ష పెట్టి, అది అత్యవసరమైన చోట తీసివేసిన ఏర్పాటు ఎవరి మేలుకు?

ఈ ప్రశ్నను దూరదేశాల తీరాల మీదకు నెట్టి తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే దాని జవాబు మీ కార్యాలయానికి కొద్ది దూరంలోనే ఉంది. సియాటిల్‌లోని ఫిషర్‌మెన్స్ టెర్మినల్‌లో, చేపల వేటకు పోయే పడవలు కట్టే రేవులో, 1988లో నెలకొల్పిన జాలరుల స్మారకం మీద, సముద్రం మీదకు వెళ్ళి తిరిగిరాని 600 మందికి పైగా స్థానిక జాలరుల పేర్లు చెక్కి ఉన్నాయి. పోయినవారి దేహాలు దొరకని చావుల్లో, కుటుంబం వచ్చి నిలబడి తలచుకోగల చోటు ఆ పేరు చెక్కిన పలక ఒక్కటే. పూలూ చిన్న చిన్న గుర్తులూ ఆప్తులు అక్కడే ఉంచి వెళతారు. ఆ గుర్తుల మధ్య పెట్టె కోసం వెతకడం ఎంత అనుచితమో మీకు చెప్పనవసరం లేదు. అయితే ఆ పేర్లను చదివించి, ఏ దశాబ్దంలో ఎందరు పోయారో గమనింపజేసి, ఆ జాబితా పెరగడానికీ తగ్గడానికీ పడవల నిర్మాణం, రక్షణ సామగ్రి, వాతావరణ హెచ్చరికలు ఏ విధంగా కారణమయ్యాయో ఆలోచింపజేసే పెట్టెలేని అన్వేషణ, చనిపోయినవారికి చేసే గౌరవమే అవుతుంది. అలాగే మాసచుసెట్స్‌లోని గ్లోస్టర్ రేవులో 1925లో లెనార్డ్ క్రాస్క్ మలచిన, చుక్కాని చక్రం పట్టుకొని నిలిచిన కంచు జాలరి చుట్టూ, మూడు శతాబ్దాల్లో సముద్రానికి బలైన వేలాది మంది పేర్లు ఉన్నాయి. పేర్లను చదవడమే శిల్పాన్ని చూడటమైన చోట, చదవడాన్ని పనిగా పెట్టే ఆటను అడ్డుకోవడం ఎవరికి గౌరవం?

తెలుగువారికి ఈ విషయంలో ఉన్న వాటా పరోక్షమైనది కాదు. విశాఖపట్నం సాగరతీరంలో 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో భారత నౌకాదళం పాత్రకు గుర్తుగా 1996లో నెలకొల్పిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం, దానికి సమీపంలోనే 1969 నుంచి 2001 వరకు సేవలందించి 2002లో ఒడ్డుకు చేరి ప్రదర్శనశాలగా మారిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉన్నాయి. ఏటా డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, ఆ స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచి అమరులకు నివాళులర్పిస్తారు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న నగరంలో, యజమాని లేని వస్తువు కనిపిస్తే తాకవద్దని, వెంటనే పోలీసులకు తెలపమని రైల్వే స్టేషన్లలో రోజూ మైకులో వినే దేశంలో, తీరాన ఒక పెట్టెను దాచమని ఏ బాధ్యత గల మనిషీ సలహా ఇవ్వడు. అంటే విశాఖ వంటి తీరనగరాల్లో ఈ ఆట గౌరవంగా నడవాలంటే ఉన్న మార్గం పెట్టెలేని తావు ఒక్కటే. కానీ మీరు 2017 నుంచి పంచిన అవకాశాలు ఆటలో ఇదివరకే మంచి పెట్టెలు నెలకొల్పి పేరు తెచ్చుకొన్నవారి మధ్యనే ప్రధానంగా తిరిగాయి. పెట్టెలు నెలకొల్పడానికే వీల్లేని చోట ఆ పేరు ఎలా వస్తుంది, పేరు రాని చోటికి ఆ అవకాశం ఎప్పుడు చేరుతుంది? ఆట ఇప్పటికే విస్తారంగా ఉన్న దేశాలకు మరింత చేర్చి, మొదలుకావలసిన దేశాలను గడప బయటే ఉంచే ఈ వలయాన్ని మీరు గమనించారా? మీ నగర పరిసరాల్లోనే వేలాది తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. వారాంతాల్లో పిల్లలతో కలిసి వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో ఈ ఆట ఆడగలిగిన కుటుంబం, సెలవులకు విశాఖ వచ్చినప్పుడు అదే పిల్లలకు కురుసుర కథనూ ఆ స్మారకం కథనూ అదే ఆట ద్వారా చెప్పలేకపోవడానికి కారణం తీరం కాదు, పిల్లలు కాదు, మీ నియమమే.

కాబట్టి ఈ లేఖ మిమ్మల్ని కోరుతున్నది స్పష్టమైనది, ఆచరణసాధ్యమైనది. ఎర్త్‌క్యాష్‌కు సమానంగా, బహిరంగ కళకూ స్మారకాలకూ అంకితమైన పెట్టెలేని తావు అనే శాశ్వత రకాన్ని నెలకొల్పండి. దాన్ని బహుమతిగా పంచకుండా, షరతులు నెరవేర్చిన ఎవరికైనా అందుబాటులో ఉంచండి. శిల్పం యజమాని అయిన పురపాలక సంస్థో, రేవు సంస్థో, సైనిక విభాగమో రాతపూర్వకంగా అంగీకరిస్తేనే సమీక్షకు స్వీకరించండి. అనుమతి ఉందని తావును ప్రతిపాదించేవాడు చెప్పిన మాట ఒక్కటే చాలదని స్పష్టంగా రాయండి. శిల్పాన్ని తాకకుండా, ఎక్కకుండా, పీఠం దగ్గర ఉంచిన పూలనూ గుర్తులనూ కదపకుండా పూర్తిచేయగలిగిన ప్రశ్నలనే ఆమోదించండి. ఆటుపోట్లు ఉన్న తీరంలో నడకదారి నుంచి, లేదా అక్కడి అధికారులు సురక్షితమని ప్రకటించిన దూరం నుంచి జవాబు దొరికేలా ప్రశ్న ఉండాలనీ, పోటు వేళలను చూసుకొనే బయలుదేరాలన్న హెచ్చరిక తావు వివరణలో మొదటి వాక్యంగా ఉండాలనీ నియమం పెట్టండి. క్రాస్బీలో చివరి ఆకృతి చేతి మీది అంకెను చదవమని అడిగే ప్రశ్న, ఎంత ఆసక్తికరమైనా, ఒక ప్రాణానికి ముప్పు తేగలదని సమీక్షకుడు గుర్తించి తిరస్కరించగలగాలి. మాతృభాషల్లో సమీక్షించగలిగే స్వచ్ఛంద సేవకులను కొత్త ప్రాంతాల నుంచి చేర్చుకోండి. శిల్పాలు ఎక్కువగా ఉన్న చోట ఒకదానికొకటి అతుక్కొన్నట్టు తావులు రాకుండా, పెట్టెలకు మీరు ఇప్పటికే పాటిస్తున్న 161 మీటర్ల దూరం వంటి హద్దును వీటికీ ఆలోచించండి.

వీటిలో మీకు కొత్తదేమీ లేదు. అనుమతి, పాఠం, పరిశీలన, సమీక్ష, దూరం అన్నవన్నీ మీరే ఇతర రకాలకు రూపొందించి, ఏళ్ళ తరబడి నడిపి, పనిచేస్తాయని నిరూపించినవి. అవి ఉండి కూడా తీరశిల్పాలకు అన్వయించకపోవడమే ఈ లేఖ ఎత్తిచూపుతున్న లోపం. సమీక్షకుల శ్రమ పెరుగుతుందన్న అభ్యంతరం వస్తే, ఆ శ్రమ ఇప్పుడు ఎక్కడికి పోతున్నదో కూడా లెక్కించాలి: శిల్పం పక్కన అనుమతి లేకుండా దాచిన పెట్టెల మీద వచ్చే ఫిర్యాదులను విచారించడం, అధికారులకు క్షమాపణలు చెప్పడం, తావులను మూసివేయడం కూడా శ్రమే. ముందుగా చేసే పరిశీలన ఆటకు గౌరవం తెస్తుంది, తర్వాత చేసే సంజాయిషీ ఉన్న గౌరవాన్ని పోగొడుతుంది. ఈ రెండింటిలో దేనికి మీ స్వచ్ఛంద సేవకుల సమయాన్ని వెచ్చించడం మేలు?

బహిరంగ శిల్పం ప్రజల డబ్బుతో, ప్రజల స్థలంలో, ప్రజల జ్ఞాపకం కోసం నిలిచేది. దాన్ని చూడటానికి టికెట్టు ఉండదు, తెరిచే వేళా మూసే వేళా ఉండవు, వివరించి చెప్పే మనిషీ ఉండడు. అందుకే ఎందరో దాని పక్కనుంచి చూడకుండానే నడిచిపోతారు. ఒక ప్రశ్నతో ఆ నడకను ఆపి, తలెత్తి చూపించగల శక్తి మీ ఆటకు ఉంది. లక్షలాది మందిని ఇంటి నుంచి బయటికి నడిపించి, తమ ఊరి మూలలనే కొత్తగా చూపించిన చరిత్ర మీది. ఆ శక్తిని సముద్రం ముందు నిలిచిన కళకు కూడా అందించడానికి మీకు కావలసినది కొత్త సాంకేతికత కాదు, డబ్బు కాదు, 2005 నాటి నిర్ణయాన్ని తిరిగి పరిశీలించే సంకల్పం. తదుపరి విడత వర్చువల్ అవకాశాలను కొద్దిమందికి పంచే ముందు, ఆ పంపకాన్ని పక్కనపెట్టి శాశ్వత నియమావళి ముసాయిదాను ప్రకటించండి. దాని మీద శిల్పాల సంరక్షకుల, తీరరక్షక దళాల, స్మారకాలకు సంబంధించిన కుటుంబాల, ఆట ఇంకా బలంగా వేళ్ళూనని దేశాల ప్రజల అభిప్రాయాలు బహిరంగంగా స్వీకరించండి. ఆ అభిప్రాయాలకు కారణసహితంగా సమాధానం చెప్పండి. ఇంత పెద్ద ఆటను నడిపే కార్యాలయం నుంచి ప్రజలు ఆశించడానికి హక్కు ఉన్న కనీస బాధ్యత ఇది.

ఇట్లు,
తీరప్రాంత బహిరంగ శిల్పాల శ్రేయోభిలాషి